తల్లి పేరు పిలిచినప్పుడు

కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
13 డిసెంబరు 1971

అన్నకు, వదినెకు, పిల్లలకు రాజమణి వందనాలు.

నేను బాగున్నాను. ఎక్కడున్నానో రాయకూడదు, కాబట్టి అడగవద్దు. ఈ మిలిటరీ ఆసుపత్రిలో చలికి వేళ్లు కొంకర్లు పోయి మందు సీసా మూత తీయడం కూడా కష్టమవుతోంది. గాయపడ్డవాళ్లు లారీల మీద లారీలుగా వస్తున్నారు. మంచాలు చాలక వరండాలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. తింటున్నానా, పడుకుంటున్నానా అని వదినె అడుగుతుందని తెలుసు. రెండూ దొరికినప్పుడు దొరుకుతున్నాయి.

ఒక పని మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. నా వార్డులో ఒక సిపాయి ఉన్నాడు. ఇరవై దాటి ఉండవు. కింది దవడ పగిలింది. మాట లేదు, గొట్టంతో పాలు పోస్తున్నాం. జ్వరం దిగడం లేదు. డాక్టరు అతని మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడడం లేదు, దాని అర్థం ఏమిటో ఇన్నేళ్ల నర్సు పనిలో నాకు తెలిసిపోయింది.

మన మందిరంలో ఆదివారం పేర్లు పిలిచి ప్రార్థన చేసేటప్పుడు ఇతని కోసం కూడా పిలువు. పేరు ఇప్పుడు రాయలేను. తల్లి పేరు నాకే తెలియదు. తల్లి పేరు లేకుండా పిలవడం మన దగ్గర లేదని తెలుసు, అయినా దారి నువ్వే చూడు. సంఘ పెద్దవు, నీ మాటకు అక్కడ ఎదురు లేదు కదా.

ఇంతమంది ఉండగా ఇతనొక్కడి కోసమే ఎందుకంటావేమో. మిగతావాళ్ల పక్కన కూర్చుని చేయి పట్టుకోవడానికి తోటి సిపాయిలు వస్తున్నారు. ఇతని దగ్గరకు ఎవరూ రావడం లేదు.

చెల్లెలు,
రాజమణి


చాంద్రాయణగుట్ట, హైదరాబాదు
27 డిసెంబరు 1971

లెఫ్టినెంటు రాజమణి అమ్మగారికి, డిపోలో బస్సుల కింద దూరి నట్లు బిగించుకునే అన్న ఆగయ్య సెల్యూటు కొట్టి రాసుకునేది.

నీ ఉత్తరం సరిగ్గా పండుగ ముందర అందింది. మీ వదినె దాన్ని మూడుసార్లు చదివించుకుని, తిండి సంగతి నువ్వు తప్పించుకున్నావని తేల్చింది. సకినాలు పంపుతోంది. పొడి అయి చేరితే పొడే తిను.

యుద్ధం ముగిసిందని రేడియోలో విన్నప్పటి నుంచి మన కృష్ణయ్య నేల మీద నిలవడం లేదు. మిలిటరీ స్టోరులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి కదా, ఢాకా తానే పట్టుకున్నంత హడావుడి. సంఘం కోశాధికారి కూడా ఆయనే కాబట్టి అడ్డు చెప్పేవారు లేరు. క్రిస్మస్ మరునాడు ఆదివారం విజయ కృతజ్ఞత ఆరాధన పెట్టించాడు. మందిరం నిండా జెండా రంగుల కాగితాలు కట్టించాడు, పురానాపూల్ నుంచి గంపెడు లడ్డూలు తెప్పించాడు. అబద్ధం ఎందుకు, నేనూ తిన్నాను, బాగున్నాయి. పాస్టరు అయ్యగారు పండుగ ఆరాధన చేసి తన మిగతా సంఘాలకు వెళ్లిపోయారు. ఆ ఆదివారం నడిపింది నేనే.

ఇక నీ సిపాయి సంగతి. నన్ను ఎంత ఇరకాటంలో పెట్టావో తెలుసా? ఇల్లిల్లూ తిరిగి మనకు ప్రార్థన నేర్పిన ముసలి సుందరమ్మ పెట్టిపోయిన రివాజు ఇది. తల్లి పేరు ముందు, బిడ్డ పేరు తర్వాత. పేరు పిలిచినప్పుడు తల్లి లేచి నిలబడాలి, ప్రార్థన అయ్యేదాకా కూర్చోకూడదు. తల్లి ఊళ్లో లేకపోతే ఆమె బదులు మరో ఆడమనిషి లేవాలి. ఇన్నేళ్లలో ఒక్క ఆదివారం ఇది తప్పలేదు. నువ్వేమో తల్లి పేరు లేదు, కొడుకు పేరు లేదు, ప్రార్థన మాత్రం కావాలంటావు.

వరుసగా అందరినీ పిలిచాను. "బుచ్చమ్మ కొడుకు ఎల్లప్ప" అన్నాను. బుచ్చమ్మక్క లేచింది. పాపం, సైన్యంలో ఉన్న ఎల్లప్ప దగ్గరి నుంచి నవంబరు తర్వాత ఒక్క కార్డు కూడా లేదు. ఎక్కడ తిప్పుతున్నారో, ఏమయ్యాడో ఎవరూ చెప్పరు. గుట్ట మీద కంకర కొట్టుకుంటూనే పోస్టుమాన్ సైకిలు కోసం చూస్తుంది. ఆ ప్రార్థన అయ్యాక, "మన రాజమణి వార్డులో ఉన్న ఒక సిపాయి, తల్లి పేరు తెలియదు" అన్నాను. ఎవరు లేవాలో ఎవరికీ తెలియలేదు. బుచ్చమ్మక్క ఇంకా కూర్చోలేదు. అట్లాగే నిలబడి, "నా పేరు వెట్టు ఆగయ్యా. తల్లెవరో ఎరుకయ్యేదాక నేను నిలవడ్త" అన్నది. నేను "బుచ్చమ్మ కొడుకు" అనే పిలిచాను. కృష్ణయ్య కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. "ఆ పిలగాడు నల్లగుంటడా? ఎడమ చెవి కింద గాటున్నదేమో జర చూసి రాయమను" అన్నది. చిన్నప్పుడు తల్లి వెంట గుట్ట మీదికి వెళ్తే రాతి ముక్క ఎగిరి తగిలిన గాటు అది. మాట లేదు, పేరు తెలియదు అంటే తన కొడుకేనేమో అని ఆమెకు ఆశ. చెప్పవద్దూ, నాకూ కలిగింది. చెవి చూసి వెంటనే రాయి.

నీ అన్న,
ఆగయ్య


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
9 జనవరి 1972

అన్నకు,

ఈ ఉత్తరం సెలవు మీద సికింద్రాబాదు వస్తున్న ఒక హవల్దారు చేతికి ఇస్తున్నాను. దారిలో ఎవరూ విప్పరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

మొదటి మాట. ఇతను ఎల్లప్ప కాడు. చెవి కింద గాటు లేదు, మనిషి తెల్లగా పొడుగ్గా ఉంటాడు. బుచ్చమ్మక్కకు ఈ రోజే వెళ్లి చెప్పు. ఎల్లప్ప గురించి ఇక్కడి ఆఫీసులో అడిగాను. వాళ్ల పల్టన్ వేరే దిక్కున ఉందన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

రెండవ మాట. ఇతను మనవాడు కాడు. అవతలి సైన్యంవాడు, పట్టుబడిన ఖైదీ. పాతబస్తీలో పెరిగినదాన్ని, ఉర్దూ వచ్చు కదా అని ఖైదీల వార్డు నాకు ఇచ్చారు. తలుపు దగ్గర తుపాకితో సంత్రీ ఉంటాడు.

ముందే ఎందుకు రాయలేదంటావు. ఉత్తరాలు విప్పి చూస్తారు, అందుకు రాయలేదు. అది సగమే నిజం. రాస్తే నువ్వు పిలవవని భయపడ్డాను. పిలిచేవాడివా? గుండె మీద చేయి వేసుకుని చెప్పు. తల్లి పేరు తెలియనివాడి కోసం నా పేరు పెట్టమని బుచ్చమ్మక్క లేస్తుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు. ఆమె మోసపోయి నిలబడుతోంది, అది నా వల్లే. రెండు మాటలూ చెప్పు, ఒకటి చెప్పి ఒకటి దాచవద్దు.

లడ్డూల సంగతి చదివాక నాకు చాలా కోపం వచ్చింది. మీరు లడ్డూలు తిన్న ఆదివారం నేను ఒక వరంగల్లు పిల్లవాడి కళ్లు మూశాను. అతను మనవాడే. చివరికి తెలుగు మాట వినాలని ఉందని నన్ను పక్క వార్డు నుంచి పిలిపించుకున్నాడు. మనం గెలిచాం నాయనా అని చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. యుద్ధం ఆగినందుకు దేవునికి స్తోత్రం చెప్పండి, నేనూ చెబుతాను. గెలిచినందుకు మిఠాయి పంచుకోవడానికి మందిరం ఎందుకు?

సిపాయికి జ్వరం కాస్త దిగింది. మీ ప్రార్థన వల్లనో, పెనిసిలిన్ వల్లనో నాకు తెలియదు.

రాజమణి


చాంద్రాయణగుట్ట
23 జనవరి 1972

రాజమణికి,

హవల్దారు ఉత్తరం ఇచ్చి టీ తాగి వెళ్లాడు. నేను ఆ రోజు అన్నం తినలేదు.

నువ్వు నన్ను అడిగావు, నేను నిన్ను అడుగుతాను. మందిరంలో నిలబడి పిలిచేది నువ్వా, నేనా? నా నోటితో అబద్ధం పిలిపించావు. సుందరమ్మ నేర్పిన ప్రార్థనలో, అందరూ కళ్లు మూసుకుని ఉండగా నా నోటితోనే పిలిపించావు. ఇతరుల గాయాలు కడిగే చేతులు నీవి, తప్పు పట్టడానికి నోరు రావడం లేదు. కాని కోపం మాత్రం చాలా వస్తోంది.

మొదటి మాట చెప్పాను. గుట్ట మీదికే వెళ్లాను. "కాడా" అన్నది. కాడన్నాను. సుత్తె పక్కన పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు కంకర కుప్ప వైపే చూసింది. రెండవ మాట గొంతు దాకా వచ్చింది. ఆమె అంతలోనే సుత్తె అందుకుని, "పోనీ తియ్యి. ఎవరి కొడుకైతే ఏంది, మన పిలగాడే గద" అన్నది. ఆ మాట విన్నాక నేనేం చెప్పేది? చెప్పలేదు. దిగి వచ్చేశాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పిలుస్తున్నాను, ఆమె నిలబడుతోంది, నేను నేల చూస్తున్నాను.

దీనితోపాటు పార్సెలు వస్తుంది. విప్పితే బొంత ఉంటుంది. ఉత్తర దిక్కున చలి ఎక్కువని ఎవరో చెప్పారట, నీ సిపాయి కోసం కుట్టింది. ఎల్లప్ప పాత అంగీలన్నీ చించి అతికింది. వద్దని ఎన్ని విధాల చెప్పినా వినలేదు. ఏం కారణం చెప్పి వద్దనాలి?

నీ మాట చూస్తే యుద్ధమే పాపమంటున్నట్టుంది. ప్రభువు కత్తి ఒరలో పెట్టమన్నాడని నాకూ తెలుసు, చదివి వినిపించేది నేనే. కాని ఎల్లప్ప తుపాకి పట్టుకుని వెళ్లింది ఎవరి కోసం? అది పాపమంటే నేను బుచ్చమ్మక్క ముఖం ఎట్లా చూడాలి? పాపం కాదంటే, నీ మంచం మీదివాడు కూడా తనవాళ్ల కోసమే పట్టాడు కదా. ఈ లెక్క నాకు తెగడం లేదు. డిపోలో పాన పట్టుకున్నా ఇదే ఆలోచన.

నా మాట విను. నువ్వు వేరే వార్డుకు మారిపో. సిపాయికి నయమైందని రాయి, నేను పిలవడం ఆపేస్తాను. ఎవరికీ ఏమీ తెలియదు.

ఆగయ్య


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
12 ఫిబ్రవరి 1972

అన్నకు,

నేను వార్డు మారను. నయం కానిదే అయిందని రాయను.

నీ లెక్క నాకూ తెగడం లేదు. నా ముందు ఉన్నది లెక్క కాదు, పగిలిన దవడ. పొద్దున్నే దాన్ని కడగాలి, చీము తీయాలి, కట్టు మార్చాలి. ఆ పని చేసేటప్పుడు ఇది ఎవరి కోసం తుపాకి పట్టినవాడి దవడ అని ఆలోచిస్తే చేయి వణుకుతుంది. వణికితే అతనికి నొప్పి. అందుకని ఆలోచించడం మానేశాను. ఇది నా గొప్ప కాదు, పని అట్లా జరుగుతుంది.

ఇప్పుడు రాతకు ఒక పలక ఇచ్చాం. ఉర్దూలో రాస్తాడు. పేరు నజీర్. తండ్రి లేడు. తల్లి పేరు బర్కత్ బీబీ. ఆ పేరు రాసేటప్పుడు మొదటిసారి అతని కళ్లు తడిశాయి. మన మందిరం రివాజు చెప్పాను. నా కోసం ఎవరు లేస్తున్నారు అని రాశాడు. కంకర కొట్టుకుని బతికే ఒక తల్లి అని, ఆమె కొడుకు కూడా ఈ యుద్ధానికే వచ్చాడని, అతని జాడ తెలియలేదని చెప్పాను. పలక బోర్లించి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజంతా ఇటు తిరగలేదు.

బొంత అందింది. ఎల్లప్ప నీలం గళ్ల అంగీ గుర్తుపట్టాను, నన్ను మిలిటరీ ఉద్యోగానికి రైలెక్కించడానికి నాంపల్లి వచ్చినప్పుడు అదే తొడుక్కున్నాడు. కొన్నాళ్లు నా పెట్టెలోనే దాచాను. అబద్ధం మీద వచ్చిన బొంత కప్పడానికి మనసు ఒప్పలేదు. ఒక పొద్దున అతను చలికి వణుకుతుంటే పళ్ల చప్పుడు కట్టు లోంచి వినిపించింది. తీసి కప్పాను.

తల్లి పేరు తెలిసేదాకా నిలబడతానన్నది కదా బుచ్చమ్మక్క. తెలిసింది. ఇక నువ్వు దాచడానికి వీల్లేదు. ఈస్టర్ ముందు వచ్చే మట్టల ఆదివారం లోపు ఆమెకు చెప్పు. చెప్పలేదని తెలిస్తే కృష్ణయ్య పేర నేనే ఉత్తరం రాస్తాను. అతను అందరిలో నిలబడి గట్టిగా చదువుతాడు. ఆమె అట్లా వినడం నీకు ఇష్టమేనా?

రాజమణి


చాంద్రాయణగుట్ట
13 మార్చి 1972

చెల్లెలికి,

ఎల్లప్ప లేడు. తంతి వచ్చింది. డిసెంబరులోనే సరిహద్దు అవతల పోయాడట. గల్లంతైనవాళ్లలో వెతికి వెతికి ఇప్పుడు తేల్చారు. మనం అతని పేరు పిలుస్తున్న ఆదివారాలన్నీ అతను లేడు.

ఆడవాళ్లంతా బుచ్చమ్మక్క ఇంట్లో కూర్చున్నారు. మీ వదినె ఆమెను పట్టుకుని కూర్చుంది. ఆమె ఏడవలేదు. నేను గడపలో ఉంటే పిలిచింది. "నా కొడుకు పోయిండు ఆగయ్యా. నువ్వు పిలిచే ఆ పిలగాడన్న మంచిగున్నడా?" అన్నది. బాగున్నాడన్నాను. "నా బొంత కప్పుకున్నడా?" తల ఊపాను. "గంతే సాలు. ఒకన్ని తీస్కపోయి ఒకన్ని ఇచ్చిండు దేవుడు" అన్నది.

రాజమణీ, అంతకంటే చెడ్డ సమయం ఉండదని నాకు తెలుసు. కాని ఆ మాట విని కూడా ఊరుకుంటే ఇక జన్మలో చెప్పలేను. ఆడవాళ్లను కాసేపు బయటికి పంపి, చెప్పాను. అతను అవతలివాడని, పేరు నజీర్ అని, నీ తప్పు ఎంతో నా తప్పు ఎంతో అంతా చెప్పాను.

"నీకెప్పటి సంది ఎరుక?" అన్నది. జనవరి నుంచి అన్నాను. "ఎరుకుండి నన్ను నిలవెట్టినవ్. అందరి ముంగట నిలవెట్టినవ్" అన్నది. గొంతు పెంచలేదు. ఆ తర్వాత, "నా బొంత నాకు తెప్పియ్యి. అవి నా కొడుకు అంగీలు. ఇంట్ల వాని బట్ట ఇంకొక్కటి లేదు" అన్నది. నేను కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగింది. ఆ పైన మందిరానికి రాలేదు.

సంగతి కృష్ణయ్యకు తెలిసింది. ఇంటికి వచ్చాడు. "ఆగయ్యా, నీకు దిమాగ్ ఉన్నదా? బస్తీల నలుగురికి ఎరుకైతే ఏమంటరు? ఎల్లప్పను సంపినోళ్లకు గుళ్లె దువా జేస్తున్నరంటరు. మనమే పిడికెడు మందిమి ఉన్నం. రేపు పిల్లగాండ్లకు నౌకర్లు ఎవడిస్తడు?" అన్నాడు. కృష్ణయ్య చెడ్డవాడు కాదు, అతని భయం ఉత్త భయమూ కాదు. అదే నా బాధ. మళ్లీ ఆ పేరు పిలిస్తే లేచి వెళ్లిపోతానన్నాడు.

అయ్యగారిని అడిగాను. పిలవమంటారా, మానమంటారా అన్నాను. ఆయన అద్దాలు తుడుచుకుని, "పేర్లు పిలిచేది మీరు. పిలిస్తే ఉన్న పేరుతో పిలవండి, దాచి పిలవకండి. దాచవలసి వస్తే మానేయండి" అన్నారు. భారం మళ్లీ నా నెత్తినే పెట్టి వెళ్లారు.

నిన్నటి ఆదివారం ఎవరి పేరూ పూర్తిగా పిలవలేకపోయాను. పోయినవారి కోసం ప్రార్థన చేయడం మన దగ్గర లేదు. వాళ్లు ప్రభువు దగ్గర ఉన్నారు, మన పిలుపుతో పని లేదంటాం. కాబట్టి "బుచ్చమ్మ కొడుకు ఎల్లప్ప" అనే మాట ఇక మందిరంలో వినపడదు. ఆ పేరు వచ్చే చోటికి రాగానే చెంబు అందుకున్నాను. ఆరాధన మధ్యలో నీళ్లు తాగాను.

బొంత పంపు. ఇంకేమీ అడగను.

అన్న


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
20 మార్చి 1972

అన్నా,

ఎల్లప్ప సంగతి చదివి నేను ఎవరికీ చెప్పకుండా డ్యూటీ చేశాను. చెబితే తట్టుకోలేను.

బొంత తీసుకోవాలని నజీర్‌కు చెప్పవలసి వచ్చింది. ఎందుకో దాచలేదు. దాచి దాచి ఏం బాగుపడ్డాం. ఆమె కొడుకు యుద్ధంలో పోయాడు, అవి అతని అంగీలు అన్నాను. పూర్తిగా లేచి కూర్చునే శక్తి లేదు, అయినా కూర్చున్నాడు. బొంత తానే మడిచాడు. మూలలు కలవకపోతే విప్పి మళ్లీ మడిచాడు. రెండు చేతులతో ఇచ్చాడు.

ఉతకలేదు. ఉతికితే ఎల్లప్ప వాసన ఏమైనా ఉంటే పోతుందేమో అనిపించింది. ఇతని మందుల వాసన కూడా ఉంటుంది, క్షమించమను. ఈస్టర్ తర్వాత ఖైదీలను ఇక్కడి నుంచి క్యాంపుకు తీసుకెళ్తారట.

పిలవాలో వద్దో నేను చెప్పను. ఇంతకు ముందు చెప్పినదానికే చాలా జరిగింది.

నీ రాజమణి


చాంద్రాయణగుట్ట
3 ఏప్రిల్ 1972

చెల్లే,

నిన్న ఈస్టర్. జరిగినది జరిగినట్టు రాస్తాను.

బొంత మంచి శుక్రవారం ముందరే వచ్చింది. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నా ముందు విప్పలేదు. కూర్చోమని కూడా అనలేదు.

నిన్న మందిరం కిక్కిరిసింది. అయ్యగారు వచ్చారు. కృష్ణయ్య తెల్ల ధోవతి కట్టుకుని మొదటి వరుసలో కూర్చున్నాడు. నేను ఏం చేస్తానో చూడడానికే కూర్చున్నాడని అందరికీ తెలుసు. పాటలయ్యాక బుచ్చమ్మక్క వచ్చి వెనక తలుపు దగ్గర చాప చివర కూర్చుంది. తంతి వచ్చాక రావడం అదే మొదలు. రాకపోతే పిలవవచ్చునని లోపల లోపల అనుకుని ఉన్నాను. ఆమె ముందు పిలవడమా, మానడమా? మానితే అది ఆమె కోసం మానినట్టా, కృష్ణయ్య కోసం మానినట్టా? నాకే తెలియలేదు.

వరుసగా పిలిచాను. తల్లులు లేస్తున్నారు, కూర్చుంటున్నారు. ఎల్లప్ప పేరు వచ్చే చోట అలవాటుగా "బు" అని నోటి దాకా వచ్చింది, మింగాను. ఆమె తల వంచుకుంది. అప్పుడు కళ్లు తెరిచే చెప్పాను. "అవతలి దేశం సిపాయి. మన రాజమణి వార్డులో ఖైదీ. బర్కత్ బీబీ కొడుకు నజీర్."

కృష్ణయ్య లేచాడు. అన్నట్టే మధ్య దారిలోంచి నడిచి బయటికి వెళ్లాడు. వెనక కొందరు మగవాళ్లు వెళ్లారు. బయట వాళ్ల చెప్పుల చప్పుడు ఆగేదాకా ఎవరూ కదలలేదు. ఆడవాళ్ల వైపు చూశాను. ఒక్కరూ లేవలేదు. ఎవరి తప్పూ లేదు, బుచ్చమ్మక్క కూర్చుని ఉండగా ఎవరు లేస్తారు? ఎవరూ లేవకపోతే ప్రార్థన చేయడానికి వీల్లేదు. చివరికి మీ వదినె కొంగు సర్దుకుని లేవబోయింది.

"కూసో లీలమ్మా" అని వెనక నుంచి వినిపించింది. "వాని తల్లికి బదులు నిలవడేదాన్ని నేనే గద."

బుచ్చమ్మక్క తలుపు పట్టుకుని లేచింది. రాజమణీ, నేను పక్కకు జరిగాను. అయ్యగారే ముందుకు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన ఆపాక కూడా ఆమె చాలాసేపు నిలబడే ఉంది. కూర్చోమని ఎవరం చెప్పలేదు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నన్ను ఆపింది. నేను చేతులు జోడించాను. "దండాలు వద్దు. మాఫ్ చేసిన్నని నీ చెల్లెకు రాయకు. చెయ్యలె. బొంత గూడ మల్ల పంప, అది నా తానే ఉంటది" అన్నది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "నా కొడుకు పేరు ఇంక గుళ్లె పిలువరు, నాకెరుకనే. ఇన్నేండ్లు వాని పేరుకు లేచిన. ఇయ్యాల లేవకుంట కూసుంటె, నాకు అసలు కొడుకే పుట్టలేదేమో అన్నట్టయింది. గందుకే లేచిన. వాని కోసం గాదు." ఇంత చెప్పి నడిచిపోయింది, మళ్లీ తిరిగి వచ్చింది. "గా పిలగాన్ని ఒక్క మాట అడగమను. నా ఎల్లప్ప వాళ్ల దిక్కు పడ్డడు గద. ఆడ ఏ తల్లన్న వాని కోసం లేచి నిలవడ్డదా? వాళ్లల్ల గిట్లాంటి రివాజు ఉన్నదా? అడిగి రాయమను."

అతన్ని క్యాంపుకు తీసుకెళ్లే ముందే అడుగు.

అన్న,
ఆగయ్య


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
11 ఏప్రిల్ 1972

బుచ్చమ్మక్కకు రాజమణి రాసేది. అన్నా, ఇది ఆమెకు చదివి వినిపించు, ఒక్క మాట కూడా మార్చవద్దు.

అక్కా, నిన్ను మాఫీ అడగడం లేదు. నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను.

నజీర్‌ను అడిగాను. పలక తుడిచి తుడిచి శుభ్రం చేశాడు. తర్వాత, మా దగ్గర అలాంటి రివాజు లేదు, ఎవరూ లేచి ఉండరు అని రాశాడు. నీకు బాగుంటుందని ఇంకోలా చెప్పమని నేను అనలేదు. అతనూ చెప్పలేదు.

మరునాడు పొద్దున నన్ను సైగ చేసి పిలిచాడు. ఖైదీలు ఇంటికి ఒక కార్డు రాసుకోవచ్చు, అందులో పట్టేవి కొన్ని మాటలే. తన కార్డులో ఏం రాశాడో నాకు చూపించాడు. నీకోసం తెలుగులో రాస్తున్నాను.

"అమ్మా, బతికి ఉన్నాను. ఇక్కడ నీకు బదులు ఒక తల్లి లేచి నిలబడింది. ఆమె పేరు బుచ్చమ్మ. ఆమె కొడుకు ఎల్లప్ప మన దిక్కున చనిపోయాడు. ఈ కార్డు అందినప్పుడు ఆ పేరు పిలిచి నువ్వు లేచి నిలబడు."

కార్డు దారిలో ఆపుతారో, ఆ తల్లికి అందుతుందో నేను చెప్పలేను. నజీర్‌ను నిన్న లారీ ఎక్కించారు.

మన పేర్లు ఉర్దూలో రాయడం అతనికి రాలేదు. నన్ను పలికించుకుని ముందు పలక మీద రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు. సరిగ్గా వచ్చిందని నేను తల ఊపాకే కార్డు మీద రాశాడు. కార్డు ఇచ్చేసే ముందు నేను మరొకసారి చూశాను. ఎల్లప్ప పేరు సరిగ్గానే ఉంది.

రాజమణి